తాతయ్య కత్తి, పసుపు రాయి: నీళ్లతో నూరాలా, పొడిగానా?

ఈ ఉదయం మా తాతయ్య కత్తితో గడ్డం గీసుకున్నాను. ఒక్క గాటు పడలేదు. కత్తిని రాతి మీద నూరి ఈ పదునుకు తేవడానికి 23 రోజులు పట్టింది. వేళ్ల సందుల్లో రాతి పొడి ఇంకా పూర్తిగా పోకముందే రాస్తున్నాను.

తాతయ్య క్షురకుడు. ఆయన పొదిలో మిగిలింది జర్మనీలోని జోలింగెన్‌లో తయారైన ఈ ఒక్క కత్తి. మొదట దీన్ని బజారులో సాన పట్టే దుకాణంలో ఇచ్చాను. కరెంటు చక్రం మీద పెట్టి, రెండు నిమిషాల్లో వాదరను నీలంగా మాడ్చి చేతిలో పెట్టారు. ఉక్కు అంతగా వేడెక్కితే గట్టిదనం పోతుంది, పదును నిలవదు. డబ్బు తీసుకున్నారు కానీ తప్పు ఒప్పుకోలేదు. కత్తిపీటలు, కొడవళ్లు ఇస్తే ఇవ్వండి. గడ్డం కత్తిని మాత్రం చక్రం దరిదాపులకు తీసుకెళ్లవద్దు.

మాడిన అంచు పోయేదాకా 1000 నంబరు (రాతి రేణువుల సన్నదనాన్ని చెప్పే అంకె) కృత్రిమ రాయి మీద నూరాను. వెన్నూ వాదరా రెండూ రాతికి ఆనించి ఉంచితే చాలు, కోణం సంగతి వెన్నే చూసుకుంటుంది. ఓపిక ఉన్నవారెవరైనా చేయగల పని.

చివరి పదునుకు బెల్జియంలోని ఆర్డెన్ ప్రాంతపు కోటిక్యూల్ రాయి తెప్పించాను. లేత పసుపు రంగు రాయి, అడుగున పలకరాయి అతికించి ఉంటుంది. ఉక్కును అరగదీసేది అందులోని సన్నని స్ఫటికాలు, మన గోమేదికం జాతివే. దీన్ని నానబెట్టనక్కరలేదు. నాలుగు చుక్కల నీళ్లు వేసి చిన్న రాతిముక్కతో రుద్దితే రాతి రేణువులు నీళ్లలో కలిసి పాలలా ఊరతాయి.

ఆ పాలు చిక్కగా చేసి వందసార్లు నూరాను. చేతి వెంట్రుకలు తెగాయి. ఇంకో వందసార్లు నూరితే పదును పెరగలేదు. ఇంకా చిక్కగా చేస్తే ఉన్నది కూడా తగ్గింది. వారం రోజులు ఇదే వరస. రాయే నకిలీదేమో అనుకున్నాను. అప్పుడు తెలిసినవాడొకడు "నీళ్లే చెడగొడుతున్నాయి, చివర్లో పొడిగా నూరు" అని ధీమాగా చెప్పాడు. తన చేత్తో ఒక్క కత్తీ నూరినవాడు కాదని తర్వాత తెలిసింది. మాట విని పొడి రాతి మీద ఇరవైసార్లు లాగాను. పసుపు రాతి మీద నల్లని చారలు పడ్డాయి, కత్తి జారడం మొదలైంది. మర్నాడు దవడ కింద మూడుచోట్ల రక్తం.

తాతయ్య దగ్గర పని నేర్చుకున్న బాబాయికి చూపించాను. ఆయన వాదరను బొటనవేలి గోటికి ఆనించి చూసి, కత్తి మూసేసి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నలుగురి ముందూ, "ఈ కత్తితో మీ తాత పసిపిల్లలకు పుట్టువెంట్రుకలు తీసేవాడు నాయనా. ఇలా చేశావా?" అన్నారు. తలెత్తలేకపోయాను. లేచి వస్తుంటే మాత్రం ఒక్క ప్రశ్న వేశారు: "పొడి రాతి మీద నూరితే ఇనుప రజను ఎక్కడికి పోతుంది?"

ఆ ప్రశ్నే దారి చూపింది. చేత్తో నూరేటప్పుడు చల్లబరచాల్సినంత వేడి పుట్టదు. నీళ్లు ఉన్నది రజనును రాతి మీద నుంచి లేపడానికి. నీళ్లు లేకపోతే రజను రాతి ముఖాన పట్టి, కత్తి రాతిని వదిలి ఇనుము మీదే రాసుకుంటుంది. అయితే నా చిక్కటి పాలదీ తప్పే. వాదర ముందుకు సాగేటప్పుడు పాలలో తేలే స్ఫటికాలకే కొట్టుకుని దాని కొస మొద్దుబారుతుంది. కనుక మొదట పాలు, తర్వాత పది పదిహేనుసార్లకు ఒక చుక్క నీరు, చివరికి కడిగిన రాతి మీద ఉత్త నీళ్లతో, కత్తి బరువు తప్ప చేతి బరువు పడకుండా యాభైసార్లు.

పొడిగా నూరడం అన్ని రాళ్లకూ చెరుపని అనను. నా దగ్గరున్న చిన్న ఆర్కాన్సాస్ రాయి (అమెరికాలో దొరికే సహజ సానరాయి) మీద, ప్రతిసారీ గుడ్డతో తుడుస్తూ, పొడిగా నాలుగు లాగితే ఏమీ కాలేదు. కోటిక్యూల్ మీద మాత్రం మళ్లీ ఆ పని చేయను.

తర్వాత తోలుపట్టీ మీద, వెన్ను ముందుండేలా, అరవైసార్లు. మధ్యాహ్నం బాబాయి దగ్గరికి వెళ్లాను. మళ్లీ గోటికి ఆనించారు. తన అరచేతి మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, ముంజేతి మీద ఒక వెంట్రుక తీసి చూశారు. ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి, మార్చే బ్లేడ్లు వచ్చాక పక్కన పెట్టేసిన తన పాత కత్తి తెచ్చి నా చేతికిచ్చారు.

"దీన్నీ నూరి పెట్టు నాయనా" అన్నారు.