మా ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌కి రూల్స్ మేమే రాసుకున్నాం

ఫాంటసీ బేస్‌బాల్ అంటే నిజమైన ఆటగాళ్లతో ఊహా టీము కట్టి, మైదానంలో వాళ్ల గణాంకాలతో పోటీపడటం. అలాంటి లీగ్ పెట్టడం పది నిమిషాల పని. యాప్‌లో ఒక పేరు ఇచ్చి, అందరికీ లింకు పంపితే సరిపోతుంది. రూల్స్ మాత్రం మనవే ఉండాలి అనుకుంటే, అక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది. 2025 సీజన్‌కి మా లీగ్‌లో ఆ బాధ్యత నేను తీసుకున్నాను. న్యూజెర్సీలో మా ఆఫీసువాళ్లు, ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగు స్నేహితులు కలిసి 12 టీములు. సగం మంది చిన్నప్పటి నుంచి బేస్‌బాల్ చూస్తూ పెరిగినవాళ్లు. మిగతా సగం ఐపీఎల్ ఫాంటసీలో ఆరితేరి, ఇక్కడికి వచ్చాక మెట్స్, యాంకీస్ ఆటలకు అలవాటుపడినవాళ్లు. ఈ ఇద్దరికీ న్యాయం అనిపించే రూల్స్ కావాలి.

ఈ ఆట రూల్స్‌కి ఒక చరిత్ర ఉంది. 1980లో డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు న్యూయార్క్‌లో మొదలుపెట్టారు. వాళ్లు కలుసుకున్న ఫ్రెంచ్ రెస్టారెంట్ పేరు మీదే దానికి రోటిస్సరీ బేస్‌బాల్ అని పేరొచ్చింది. ఒక్కో టీముకి 260 డాలర్ల బడ్జెట్, వేలంలో 23 మంది ఆటగాళ్లు, హోమ్ రన్స్, స్టీల్స్ (బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరడం) లాంటి ఎనిమిది విభాగాల్లో లెక్క. తర్వాత అవి పది అయ్యాయి. ఇన్నేళ్లుగా నిలబడిన చట్రం కాబట్టి దాన్ని కదిలించాలని నాకు లేదు. అందుకే అందరికీ ఒకే షరతు పెట్టాను: కొత్త రూల్ అడిగేవాళ్లు అది ఏ ఇబ్బందిని తీరుస్తుందో చెప్పాలి, దాన్ని 2024 సీజన్ లెక్కల మీద వేసి చూశాకే ఓటింగ్. బేస్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్ నుంచి ఆ ఏడాది గణాంకాలు తీసుకుని ఒక షీట్‌లో పెట్టాను. నా సమయం ఎక్కువగా పట్టింది ఆ షీటుకే, లీగ్‌ని నిలబెట్టింది కూడా అదే.

మొదటి మార్పు బ్యాటింగ్ యావరేజ్ తీసేసి ఆన్ బేస్ పర్సంటేజ్ పెట్టడం. యావరేజ్‌లో కొట్టిన హిట్లే లెక్క. పిచర్ నాలుగు బంతులు స్ట్రైక్ జోన్ బయట వేస్తే, వాటిని ఓపికగా వదిలేసి నడుచుకుంటూ బేస్‌కి వెళ్లినవాడికి అందులో ఏమీ దక్కదు. అలా వెళ్లడాన్ని వాక్ అంటారు, ఆన్ బేస్‌లో అదీ లెక్కే. 2024లో నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటి) బ్యాటింగ్ టైటిల్ లూయిస్ అరాయెజ్‌ది, యావరేజ్ 0.314. అదే ఏడాది వాన్ సోటో యావరేజ్ 0.288 మాత్రమే. ఆన్ బేస్‌లో చూస్తే సోటో 0.419, అరాయెజ్ 0.346. సోటో ఆ సీజన్‌లో 129 వాక్స్ తీసుకున్నాడు. షీట్‌లో ఈ రెండు వరసలు పక్కపక్కన పెట్టాక వాదన ఎక్కువసేపు సాగలేదు. అయితే ఇలాంటి మార్పు చేస్తే ప్రతి ఆటగాడి విలువా మారుతుంది. బయట దొరికే ర్యాంకింగ్స్ చాలావరకు యావరేజ్ లెక్కతో వేసినవి. అవి చూసి వేలానికి వచ్చేవాళ్లు నష్టపోకూడదని, మా రూల్స్ ప్రకారం వేసిన ర్యాంకుల షీట్ ముందుగానే అందరికీ పంపాను. రూల్స్ మార్చే ప్రతి కమిషనర్ (లీగ్ నడిపేవాడు) ఇది చేయాలని నా నమ్మకం.

రెండోది, పిచర్ల విన్స్ (టీము గెలిస్తే పిచర్ ఖాతాలో పడే గెలుపు) బదులు క్వాలిటీ స్టార్ట్స్. కనీసం ఆరు ఇన్నింగ్స్ వేసి, మూడు ఎర్న్‌డ్ రన్స్‌కి (ఫీల్డర్ల తప్పిదాలు లేకుండా వచ్చిన పరుగులకి) మించి ఇవ్వకపోతే అది క్వాలిటీ స్టార్ట్. దీనికి షీట్ అవసరమే పడలేదు. మెట్స్ అభిమానులకి 2018 జేకబ్ డిగ్రామ్ పేరు చెబితే చాలు. 1.70 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన ఎర్న్‌డ్ రన్స్) ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచిన మనిషికి ఆ ఏడాది వచ్చిన విన్స్ పదే, ఓటములు తొమ్మిది. అతను వేసినప్పుడు మెట్స్ బ్యాటర్లు పరుగులు చేయకపోతే అందులో అతని తప్పేముంది?

మూడోది, సేవ్స్‌కి హోల్డ్స్ కలిపి ఒకే విభాగం. దీని మీద గట్టిగానే వాదన జరిగింది. చిన్న ఆధిక్యంతో ఉన్న ఆటను చివరి ఇన్నింగ్స్‌లో ముగించేవాడికి సేవ్, అదే ఆధిక్యాన్ని ఏడో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కాపాడి వెళ్లేవాడికి హోల్డ్. సేవ్‌లు తెచ్చే క్లోజర్లని వెతికి పట్టుకోవడం కూడా ఒక నైపుణ్యమే, దాన్ని తీసేస్తే ఎలా అని పాతవాళ్లు అడిగారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. అయినా మేనేజర్ మనసు మార్చుకుంటే మన టీములో ఒక విభాగం మొత్తం కూలిపోవడం నాకు సబబుగా అనిపించలేదు. ఓటింగ్‌లో స్వల్ప తేడాతో నెగ్గింది.

ఓడిపోయిన ప్రతిపాదనల్లో నాకు బాగా నచ్చింది కెప్టెన్ రూల్. విజయవాడ తమ్ముడొకడు మొదటి మీటింగ్‌లోనే "కెప్టెన్ లేకుండా ఫాంటసీ ఏంటన్నా?" అన్నాడు. క్రికెట్‌లో కెప్టెన్‌కి రెట్టింపు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర రెట్ల పాయింట్లకి అలవాటుపడ్డవాళ్లకి ఆ వెలితి నిజమే. కానీ మాది పాయింట్ల లీగ్ కాదు, వారంవారం ఇద్దరిద్దరు పది విభాగాల్లో తలపడే లీగ్. హోమ్ రన్స్‌ని రెట్టింపు చేయొచ్చు, ఆన్ బేస్ పర్సంటేజ్‌ని రెట్టింపు చేయలేం. యాప్ కూడా ఆ లెక్క వేయదు. వారంవారం చేత్తో వేయాలంటే ఎక్కడో ఒకచోట తేడా వచ్చి గొడవవుతుంది. యాప్ తనంతట తాను లెక్కించలేని స్కోరింగ్ రూల్ వద్దని ఆ రోజే తీర్మానం చేసుకున్నాం. వాడు కొంచెం నొచ్చుకున్నాడు, కానీ కారణం అర్థం చేసుకున్నాడు.

షోహే ఒహ్తానీ సంగతి వేరు. అతను బ్యాటరూ, పిచరూ. యాహూ ఫాంటసీ యాప్‌లో అతను ఇద్దరు వేర్వేరు ఆటగాళ్లుగా కనిపిస్తాడు. ఒకే మనిషి రెండు టీముల్లో ఉండటం మాలో చాలామందికి మింగుడుపడలేదు. చివరికి బ్యాటర్ ఒహ్తానీని వేలంలో గెలిచినవాళ్లే పిచర్ ఒహ్తానీని ఒక్క డాలరుకి తీసుకోవాలని, అతనికి టీములో ఒక స్థానం ఖర్చు పెట్టాలని రాసుకున్నాం. అప్పటికి అతను మోచేతి సర్జరీ తర్వాత ఇంకా ఆటల్లో పిచింగ్ మొదలుపెట్టలేదు. జూన్ 16న డాడ్జర్స్ తరఫున తొలిసారి పిచింగ్‌కి వచ్చేదాకా ఆ స్థానాన్ని మోసిన ఓపికకి తగిన ఫలితం దక్కింది.

డబ్బు పెట్టలేదు. ఎంట్రీ ఫీజు లేకపోతే సీరియస్‌నెస్ ఉండదని ఇద్దరు ముగ్గురు అన్నారు గానీ, రేపు ఒకరింటికి ఒకరు భోజనాలకి వెళ్లేవాళ్లం. ఆ టెన్షన్ మాకొద్దు.

మార్చి 18, 19 తేదీల్లో టోక్యోలో కబ్స్, డాడ్జర్స్ ఆడిన రెండు ఆటలు అయ్యాకే, 22వ తేదీ శనివారం వేలం పెట్టాం. ఆ రెండు ఆటలూ ఎవరి లెక్కలోకీ రావని ముందే రాసుకున్నాం. మామూలు డ్రాఫ్ట్ కన్నా వేలానికి ఎక్కువ సమయం పడుతుంది. మధ్యాహ్నం మొదలైతే ముగిసేసరికి చీకటి పడింది. అయినా ఐపీఎల్ వేలం చూసి పెరిగినవాళ్లకి అదే పండగ. సోటో మెట్స్‌కి వచ్చిన మొదటి ఏడాది కావడంతో అతని దగ్గర బిడ్డింగ్ అందరి అంచనాలూ దాటిపోయింది. ఆ టీము వాళ్లు చివర్లో డాలరుకి ఒకరు చొప్పున ఏరుకోవాల్సి వచ్చింది. 2025లో సోటో యావరేజ్ 0.263కి పడిపోయినా ఆన్ బేస్ 0.396. పాత రూల్‌తో ఆ కొనుగోలు గుండెల మీద కుంపటి అయ్యేది.

సీజన్ నడుస్తుంటే రూల్స్ ఒక్కొక్కటే పరీక్షకి వచ్చాయి. పైరేట్స్ పిచర్ పాల్ స్కీన్స్ 1.97 ఈఆర్‌ఏతో వేసి, తన జట్టు పరుగులు చేయక 10 విన్స్, 10 ఓటములతో ముగించాడు. జూలై 31న క్లోజర్ మేసన్ మిల్లర్‌ని అథ్లెటిక్స్ నుంచి పాడ్రేస్ తీసుకుంది. అక్కడ క్లోజర్‌గా రాబర్ట్ సువారెజ్ ఉన్నాడు కాబట్టి మిల్లర్‌కి సేవ్స్ తగ్గి హోల్డ్స్ వచ్చాయి. అతన్ని పెట్టుకున్న స్నేహితురాలు, సేవ్స్‌కి హోల్డ్స్ కలపొద్దని ఓటేసినవాళ్లలో ఒకరు. "ఈసారి నా ఓటు మారుతుంది" అని తనే మెసేజ్ పెట్టింది.

ట్రేడుల (టీముల మధ్య ఆటగాళ్ల మార్పిడి) విషయంలో మాత్రం అంకెలు పనికిరావు. లీగ్‌లో బావా బావమరుదులు ఇద్దరున్నారు. జూలైలో వాళ్లిద్దరి మధ్య ఒక పెద్ద ట్రేడ్ జరిగింది, గ్రూపులో గుసగుసలు మొదలయ్యాయి. చాలా లీగుల్లో అందరూ ఓటేసి ట్రేడ్ ఆపేయొచ్చు. అలా పెడితే ఎదుటివాడు బలపడతాడన్న భయంతో మంచి ట్రేడ్లని కూడా ఆపేస్తారు. అందుకే మేం ముగ్గురితో కమిటీ వేసుకున్నాం. కుమ్మక్కు అని తేలితే తప్ప ఆపే హక్కు వాళ్లకి లేదు. ఇద్దర్నీ విడివిడిగా కారణం రాసివ్వమన్నారు. ఒకరికి స్టీల్స్ కావాలి, ఇంకొకరి టీములో పిచర్లు గాయాలతో ఉన్నారు. రెండు కారణాలూ లీగ్ పట్టికలో కనిపించేవే. ట్రేడ్ ఖాయమైంది, ఆ రెండు ఉత్తరాలూ గ్రూపులో పెట్టాక గుసగుసలూ ఆగాయి.

అన్నిటికన్నా కష్టం ఆగస్టు. 162 ఆటల సీజన్ చాలా పొడుగు. అమెరికన్ ఫుట్‌బాల్ మొదలయ్యే సమయానికి కింద ఉన్న టీములు లైనప్ పెట్టడం మానేస్తాయి, వాళ్లతో ఆడేవాళ్లకి గెలుపు ఉచితంగా వస్తుంది. దీనికి మేం పెట్టుకున్న మందు: ప్లేఆఫ్స్‌కి రాని ఆరు టీముల మధ్య వేరే నాకౌట్, దాంట్లో గెలిచినవాళ్లకి తర్వాతి ఏడాది వేలంలో పది డాలర్లు అదనం. అట్టడుగున ఉన్నందుకు ఏమీ రాదు, చివరిదాకా ఆడి గెలిస్తేనే వస్తుంది. సెప్టెంబర్‌లో మా గ్రూపులో ఎక్కువ సందడి ఆ కింది టీముల మధ్యే కనబడింది. అన్ని రూల్స్‌లోకీ నాకు ఇష్టమైనది ఇదే.

డిసెంబర్‌లో మళ్లీ కూర్చున్నాం. ఒక్కో టీము ముగ్గురిని అట్టిపెట్టుకోవచ్చు, వేలంలో పలికిన ధర మీద ఐదు డాలర్లు కలిపి. క్యాచర్‌గా ఉంటూ 60 హోమ్ రన్స్ కొట్టిన కాల్ రాలీని వదులుకునేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి దాని మీద చర్చ లేదు. చర్చంతా ఎవరిని అట్టిపెట్టుకుంటామో చెప్పే గడువు మీదే. ఫిబ్రవరి చివర అన్నాను నేను. మెట్స్ అభిమాని ఒకాయన ఒప్పుకోలేదు. 2026 మార్చిలో దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఉందని గుర్తుచేశారు. 2023లో అదే టోర్నీలో గెలుపు సంబరాల్లో మోకాలికి దెబ్బ తగిలి మెట్స్ క్లోజర్ ఎడ్విన్ డియాజ్ ఆ సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. ఆ మాటతో అందరూ ఆయన వైపే తిరిగారు. గడువు మార్చి 17న జరిగే ఫైనల్ మర్నాటికి మార్చాం, వేలం 21వ తేదీ శనివారానికి పెట్టాం.