జలపుట్ ఒడ్డున రెండు రాత్రులు

మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం. మా తాతయ్య మాచ్‌ఖండ్ ప్రాజెక్టులో పనిచేశారు. 1955లో మొదలైన ఆ కరెంటు ఉత్పత్తికి నీళ్లిచ్చేది జలపుట్ జలాశయమే. తాతయ్య కథలు విని పెరిగిన మా అమ్మాయి, ఆ నీళ్ల పక్కన టెంట్ వేసుకుని పడుకోవాలని రెండేళ్లుగా పట్టుబట్టింది. మొన్న జనవరిలో కుదిరింది.

జనవరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. వానాకాలంలో ఈ ప్రాంతంలో మలేరియా భయం. మార్చిలో ఇప్పపూలు రాలడం మొదలైతే వాటి కోసం ఎలుగుబంట్లు చెట్ల కిందికి వస్తాయి. చలికాలమైనా దోమతెర మాత్రం మానలేదు. ఫారెస్టు వాళ్లను అడిగి, సరేనన్నాకే బయల్దేరాం.

నందపూర్ దాటాక చివరి పల్లెలో కారు ఆపేసి, సామాను మోసుకుంటూ అడవిలోకి నడిచాం. ఆ ఊరి పరజా తెగ పెద్దాయన ఒకాయన దారి చూపించడానికి వచ్చాడు. మనుషులు క్యాంపు వేసే చోటని చెప్పడానికి అక్కడున్నవి మూడు రాళ్ల పాత పొయ్యి, కాస్త చదునైన నేల, అంతే. కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు, ఫోన్‌కు సిగ్నల్ లేదు.

మేం నీళ్లకు దగ్గరగా, పల్లంలో టెంట్ వేశాం. పెద్దాయన చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడొద్దు దీదీ, చలంతా రాత్రికి ఇక్కడికే దిగుతుంది" అన్నాడు దేశియా ఒడియాలో, అంటే ఇక్కడి యాసలో. చీకటి పడుతోంది, మళ్లీ విప్పడం ఎందుకని వినలేదు. అది తప్పే. గాలి లేని రాత్రి చల్లగాలి బరువుగా కిందికి జారి పల్లంలో నిలిచిపోతుంది. దానికి తోడు చెరువు తేమ. అర్ధరాత్రికి టెంట్ లోపలి గుడ్డంతా నీటి బొట్లు. మీద ఎన్ని దుప్పట్లు కప్పినా నేల నుంచి వచ్చే చలి ఆగలేదు. పాప పళ్లు టకటకమంటుంటే మా ఆయన, నేను చెరో పక్కన పడుకుని మధ్యలో దాన్ని పెట్టుకున్నాం. ఆ రాత్రి నాకు పట్టిన టెన్షన్ జంతువుల గురించి కాదు, పాప చేతులు ఎంతకీ వెచ్చబడకపోవడం గురించి.

తెల్లారగానే పెద్దాయన వరిగడ్డి మోపుతో వచ్చాడు. టెంట్‌ను గట్టు మీదికి, చెట్ల వరుసకు ఇవతలికి మార్చి, కింద జానెడు మందాన గడ్డి పరిచి, దాని మీద పట్టా వేశాం. టెంట్ కిటికీలు రెండూ కాస్త తెరిచే ఉంచమన్నాడు. మన ఊపిరి తేమ బయటికి పోవాలట. రెండో రాత్రి పాప కదలకుండా నిద్రపోయింది.

ఆడవాళ్లు అడగడానికి మొహమాటపడే సంగతి చెబుతాను. చెరువుకు 70 అంగల దూరంలో, జానెడు లోతు గొయ్యి తవ్వి, నాలుగు కర్రలకు పాత చీర కట్టాం. వెళ్లిన ప్రతిసారీ మట్టి కప్పేవాళ్లం. వాడిన ప్యాడ్లు మాత్రం పాతిపెట్టకూడదు, జంతువులు తవ్వి పైకి లాగుతాయి. కాగితంలో చుట్టి, మూతున్న డబ్బాలో ఇంటికి తెచ్చుకున్నాం.

చెరువు నీళ్లు అద్దంలా కనిపించినా గుడ్డతో వడకట్టి, బాగా మరిగించాకే తాగాం. పొయ్యిలోకి రాలిన ఎండు పుల్లలే, పచ్చి కొమ్మ ఒక్కటి విరవలేదు. వంటంటారా, రాగి అంబలి, ఉల్లిపాయ, కాల్చిన చిలగడదుంపలు.

రెండో సాయంత్రం పెద్దాయన చెరువు నడుమకు చేయి చూపించి, తన తండ్రి పుట్టిన ఊరు అక్కడ, నీటి కింద ఉందన్నాడు. తాతయ్య కథల్లో ఆ ఊళ్లు ఎప్పుడూ రాలేదు. పాప చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది.

బయల్దేరే ముందు పొయ్యిలో నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి, అరచేయి పెట్టి చూశాం. చల్లబడింది. గడ్డి పొడిగానే ఉంది. పాప, పెద్దాయన దాన్ని మళ్లీ మోపు కట్టి, ఎడ్లకు వేయడానికి ఊళ్లోకి మోసుకెళ్లారు.