ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ ప్రిపరేషన్: కొటేషన్ల దగ్గర జారిపోయే మార్కులు

ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్ హ్యాట్ వాళ్ల లైనక్స్ అడ్మిన్ పరీక్ష) రిజల్ట్ వచ్చింది, రెండో అటెంప్ట్‌లో పాసయ్యాను. 300కి 210 కావాలని మీకు తెలిసిందే. మొదటిసారి నేను అంతవరకు రాకపోవడానికి కారణం సిలబస్ మిగిలిపోవడం కాదు. ఎల్‌వీఎం (డిస్క్ స్పేస్ పంచేది), ఎస్‌ఈలైనక్స్ (సెక్యూరిటీ) అందరూ రుద్దుతారు. కొటేషన్లను మాత్రం బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఏ రూమ్‌లో చూసినా "అందులో ఏముందిలే" అని వదిలేస్తారు.

మీరు కొట్టిన లైన్‌ను కమాండ్ కంటే ముందు షెల్ (మీ కమాండ్లు అందుకుని నడిపించే ప్రోగ్రామ్, ఇక్కడ బ్యాష్) చదువుతుంది. స్టార్‌ని సరిపోయే ఫైల్ పేర్లుగా విప్పేది, డాలర్ పెట్టిన పేరుకి విలువ వేసేది, ఖాళీ దగ్గర ముక్కలు చేసేది అదే. కొటేషన్లు షెల్ కోసమే, కమాండ్ దాకా వెళ్లవు.

ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్‌లో -నేమ్ తర్వాత *.లాగ్ అని ఉత్తినే కొట్టారనుకోండి. మీరున్న ఫోల్డర్‌లో అలాంటి ఫైల్ ఒక్కటీ లేకపోతే సరిగ్గానే పనిచేస్తుంది. రెండుమూడు ఉంటే ఎర్రర్ ఇస్తుంది, అదీ నయమే. సరిగ్గా ఒక్కటే ఉంటే కొంప మునిగినట్టే: షెల్ స్టార్ తీసేసి ఆ ఫైల్ పేరు పెట్టేస్తుంది, ఫైండ్ ఆ పేరొక్కటే వెతుకుతుంది. ఎర్రర్ రాదు, లిస్టు సగమే వస్తుంది, మీరేమో ధీమాగా తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. '*.లాగ్' అని పెడితే చాలు.

సింగిల్ కోట్స్‌లో ఏదీ మారదు, బ్యాక్‌స్లాష్ కూడా ఉత్త అక్షరమే. అందుకే లోపల ఇంకో సింగిల్ కోట్ ఇమడదు. 'మే'\''25' అని మూసి, బ్యాక్‌స్లాష్‌తో కోట్ పెట్టి, మళ్లీ తెరవాలి. డబుల్‌లో డాలర్, బ్యాక్‌టిక్, బ్యాక్‌స్లాష్‌లకు పవర్ పోదు. ఎకో (ఇచ్చింది తెర మీద చూపే కమాండ్) "ధర $50" కొడితే వచ్చేది "ధర 0". $5 అంటే ఐదో ఆర్గ్యుమెంట్ (స్క్రిప్ట్ పేరు వెంట ఇచ్చే ఐదో మాట), అది లేదు, సున్నా మిగిలింది. \$50 అని రాయాలి.

స్క్రిప్ట్‌లో (కమాండ్లు రాసిపెట్టుకున్న ఫైల్‌లో) $1ని "$1" అనే రాయండి. "మిర్చి యార్డు" అని ఫైల్ పేరిస్తే ఉత్త $1 దాన్ని మిర్చి ఒకటి, యార్డు ఒకటి చేస్తుంది. ముందు ఆర్‌ఎం (ఫైల్ చెరిపేసే కమాండ్) ఉంటే మీ ఖర్మ. "$@" ఆర్గ్యుమెంట్లను విడివిడిగా ఉంచుతుంది, "$*" ఒకే ముద్ద చేస్తుంది.

పీడీఎఫ్ నోట్స్ నుంచి కాపీ చేసి ప్రాక్టీస్ చేస్తున్నామని మురిసిపోకండి. వాటిలోని వంకర కోట్స్ షెల్‌కి కోట్సే కావు. రోజూ చేత్తో కొట్టినవాడికే పరీక్షలో వేళ్లు కదులుతాయి. ప్రాంప్ట్ బదులు > కనిపిస్తే ఎక్కడో కోట్ మూయలేదన్నమాట, కంట్రోల్-సీ కొట్టి మళ్లీ మొదలుపెట్టండి. పరీక్షలో ఇంటర్నెట్ ఉండదు గానీ మ్యాన్ పేజీలుంటాయి (సిస్టమ్‌లోనే ఉండే కమాండ్ల వివరాలు). బ్యాష్ మ్యాన్ పేజీలో క్వోటింగ్ సెక్షన్ ఎక్కడుందో ఇప్పుడే చూసిపెట్టుకోండి.