ప్రీస్కూల్లో వానపాముల డబ్బా: ఆకలి కంటే అతితిండే ప్రమాదం

చెత్త ఏమవుతుందో మూడు నాలుగేళ్ల పిల్లలకు మాటలతో చెబితే తలకెక్కదు. కూరగాయల, పండ్ల తొక్కలను వానపాములు తిని ఎరువుగా మార్చే డబ్బా ఒకటి ఉంటే వాళ్లే రోజూ మూత తీసి చూసుకుంటారు. గోడ నిండా అంటించే చెట్ల బొమ్మల కంటే ఇది ఎంతో మేలు.

30 సెంటీమీటర్ల ఎత్తున్న, వెలుతురు చొరని ప్లాస్టిక్ తొట్టి సరిపోతుంది. అడుగున, పక్కల పైభాగాన చిన్న రంధ్రాలు చేసి లోపల సన్నని జాలీ వేయండి, కింద పళ్లెం పెట్టండి. తోటమట్టిలో తవ్వితే దొరికేవి చాలావరకు బొరియలు చేసుకునే రకాలు, డబ్బాలో నిలవవు. ఐసీనియా ఫెటిడా అనే ఎర్రటి సన్నరకం కావాలి.

వానపాములు ఉండే కాగితపు పరుపు సిద్ధం చేయడం పిల్లల పని. పాత న్యూస్‌పేపర్లు, మెరుపుపూత లేని అట్టలు పీలికలుగా చింపి, నానబెట్టి, గట్టిగా పిండాలి. గుప్పిట్లో నొక్కితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. పైన గుప్పెడు మట్టి చల్లండి. వానపాములకు పళ్లుండవు, ఆ మట్టిరేణువులతోనే లోపల తిండి నలుగుతుంది.

అసలు తంటా తిండితోనే. పిల్లలు ప్రేమకొద్దీ ఉన్న తొక్కలన్నీ వేసేస్తారు. మిగిలింది కుళ్లి, గాలి ఆడక, పుల్లటి వాసన మొదలవుతుంది. చర్మంతో ఊపిరి పీల్చే జీవాలు కాబట్టి గోడలెక్కి పారిపోవాలని చూస్తాయి. అప్పుడు తిండి ఆపి, పొడి కాగితం కలిపి, మెల్లగా గుల్ల చేయండి. అరకిలో వానపాములకు మొదటి రెండు వారాలు రోజుకు 50 గ్రాములు చాలు. తూచడం పిల్లలకే అప్పగించండి. నిన్న వేసింది కనిపిస్తుంటే ఈరోజు వేయకూడదు, ఇదొక్కటే గట్టి నియమం. నూనె, ఉప్పు తగిలినవి, పాలు, మాంసం, నిమ్మజాతి తొక్కలు వద్దు. తిండిని పరుపు కింద పూడ్చకపోతే చిన్న ఈగలు ముసురుతాయి.

15 నుంచి 25 డిగ్రీల వేడి వీటికి హాయి. 35 దాటితే చచ్చిపోతాయి, కాబట్టి ఎండపడే కిటికీ పక్కన పెట్టకండి.

ముట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి. పొడిచేతులు వాటి చర్మంలోని తేమను లాగేస్తాయి. తర్వాత సబ్బుతో 20 సెకన్లు కడగాలి.

మూడు నాలుగు నెలలకు నల్లటి ఎరువు తయారవుతుంది. దాన్ని ఒక పక్కకు జరిపి, రెండో పక్క కొత్త పరుపు, తిండి వేస్తే రెండు మూడు వారాల్లో వానపాములు చాలావరకు అటు చేరిపోతాయి. కుండీకి ఒక వంతు ఎరువు, నాలుగు వంతుల మట్టి.

సెలవులొస్తున్నాయని రెట్టింపు తిండి వేసి వెళ్లకండి. మామూలుగానే వేసి తడి అట్ట కప్పితే రెండు వారాలు నిశ్చింతగా ఉంటాయి.