కాలవకి ఎన్ని అడుగుల రాడ్డు?

ఆదివారం. పొద్దున ఆరింటికే బందరు కాలవ గట్టు మీద ఉక్కపోత. ఆకు కదలడం లేదు. నీళ్లు నిండుగా, మట్టిరంగులో పారుతున్నాయి. అవతలి అంచు వెంబడి గుర్రపుడెక్క రెండు మూరల వెడల్పున అల్లుకుపోయింది. కొర్రమీను కాచుకుని ఉండేది దాని నీడలోనే. లూర్, అంటే కొక్కెం ఉన్న నకిలీ ఎర, పడాల్సింది ఆ ఆకులకి జానెడు ఇవతల. గట్టున నిలబడి చూస్తున్న కుర్రాడొకడు అడిగాడు: “పదడుగుల రాడ్డయితే ఇంకా దూరం పడుద్ది కదా బాబాయ్?” లూర్‌తో చేపలు పట్టడం కొత్తగా మొదలుపెట్టిన వాళ్లంతా ముందు అడిగే ప్రశ్న ఇదే. అందుకే ఈ వేళ ఈ సంగతి కాస్త వివరంగా రాసిపెడుతున్నా.

పడుద్ది, నిజమే. వడిసెల తాడు పొడుగయ్యేకొద్దీ రాయి జోరుగా పోయినట్టు, చెయ్యి అంతే తిప్పినా పొడుగు రాడ్డు కొస ఎక్కువ దూరం తిరుగుతుంది, లూర్‌ని ఎక్కువ వేగంతో వదులుతుంది. కాకపోతే లూర్ బరువుకి రాడ్డు వంగాలి. వంగిన రాడ్డు మళ్లీ నిటారయ్యేటప్పుడు ఇచ్చే విదిలింపే లూర్‌ని ముందుకు తోసేది. పదడుగుల రాడ్ల మీద సాధారణంగా 20–60 గ్రాములని రాసి ఉంటుంది. మనం కాలవలో వాడే కప్ప లూర్ 8 నుంచి 15 గ్రాములు. ఆ కాస్త బరువుకి అంత రాడ్డు ఏం వంగుతుంది? 5–20 గ్రాములకి చేసిన ఏడడుగుల రాడ్డు అదే కప్పని ఇంకా దూరం విసురుతుంది. షాపులో రాడ్డు చేతికి రాగానే పిడి పైన సన్న అక్షరాల్లో ఉండే గ్రాముల అంకెని ముందు చదవాలి, అడుగుల లెక్క ఆ తర్వాత. ఔన్సుల్లో ఉంటే 1 ఔన్సు అంటే 28 గ్రాములు. 1/4–3/4 అని ఉంటే దాదాపు 7 నుంచి 21 గ్రాములు. ఆ రెండు అంకెల మధ్య బరువుకే రాడ్డు బాగా పనిచేస్తుంది. చాలా కంపెనీల రాడ్ల మీద 702, 662 లాంటి నంబర్లు కూడా కనిపిస్తాయి. 702 అంటే 7 అడుగుల 0 అంగుళాలు, 2 ముక్కలు. 662 అంటే ఆరున్నర అడుగులు, 2 ముక్కలు.

గ్రాములు కుదిరాక అడుగులు తేల్చేది మనం నిలబడే చోటు. వెనక ఎంత ఖాళీ ఉంది, పైన ఏముంది, నీళ్లకి మనం ఎంత ఎత్తున ఉన్నాం అనేవి చూడాలి. కాలవ గట్టు మీద వెనక తుమ్మ కంపో, నిద్రగన్నేరు కొమ్మో, దారిన పోయే బండో ఉంటుంది. తల మీదుగా విసరాలంటే రాడ్డు పొడవు, కొస నుంచి వేలాడే లూర్, చాచిన చెయ్యి, అంతా కలిపి వెనక ఖాళీ కావాలి. పదడుగుల రాడ్డుకి అది పదమూడు అడుగులు దాటిపోతుంది. ఇలాంటి చోట ఆరున్నర అడుగుల రాడ్డే సుఖం. కొమ్మల కింద నుంచి పక్కవాటుగా, మణికట్టుతోనే ఝళిపించవచ్చు. కాలవ వెడల్పు పాతిక ముప్పై మీటర్లే అయినప్పుడు దూరంతో పనేముంది? గురి కావాలి. పొట్టి రాడ్డుతో గురి తొందరగా కుదురుతుంది, ఎందుకంటే వేలు వదలడంలో రవ్వంత తేడా వచ్చినా లూర్ మరీ పక్కకి పోదు. వేలు ముందే వదిలితే లూర్ ఆకాశానికి లేస్తుంది, ఆలస్యంగా వదిలితే కాళ్ల ముందే టప్పున పడుతుంది. పొడుగు రాడ్డు మీద ఈ తప్పులు రెండూ పెద్దవవుతాయి.

రేవుల దగ్గర లెక్క మారిపోతుంది. సీతానగరం వైపు కృష్ణ ఒడ్డున మెట్ల మీద నిలబడి స్పూన్ (చెంచా ఆకారపు రేకు లూర్) వేస్తే, అది దూరంగా ఉన్నంతసేపూ బాగానే వస్తుంది. దగ్గరికి వచ్చేసరికి లైన్ మెట్టు అంచుకి ఒరుసుకుంటుంది. సన్న పోగులు జడలా అల్లిన బ్రెయిడ్ లైన్ ఎంత గట్టిదైనా సిమెంటు అంచు మీద రాసుకుంటే పోగులు లేచి, చేప లాగిన క్షణాన ఠప్పున తెగుతుంది. తెగిన కొసని వెలుగుకి పెట్టి చూస్తే దూది పింజలా విచ్చుకుని ఉంటుంది. ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగుల రాడ్డయితే కొసని ముందుకు చాచి లైన్‌ని అంచుకి తగలకుండా ఉంచవచ్చు. వెనక ఖాళీ కూడా ఉంటుంది. నది కాబట్టి దూరమూ అక్కరకొస్తుంది. రాళ్లు పరిచిన ఏటవాలు గట్టుకీ ఇదే మాట. ఇంకా దిగువన, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోట ఇసుక మీద నిలబడి పండుగప్ప కోసం 20–40 గ్రాముల లూర్ వేసేవాళ్లకి తొమ్మిది, పది అడుగులు సరిగ్గా సరిపోతాయి. అల మీదుగా లైన్ ఎత్తి పట్టాలి కదా.

నీటి అంచునే నిలబడి కప్ప లూర్ ఆడించేవాళ్లకి మాత్రం పొడుగు రాడ్డు శత్రువే. కప్ప అటూ ఇటూ తల తిప్పుతూ రావాలంటే కొస కిందికి దించి చిన్నచిన్నగా విదిలించాలి. ఎనిమిదడుగుల రాడ్డు దించితే కొస నీళ్లలో మునుగుతుంది, లేదా ముందున్న జమ్ములో చిక్కుకుంటుంది. కొర్రమీను పట్టాక జరిగేది కూడా ఆలోచించాలి. అది దూరం పరిగెత్తదు, అక్కడికక్కడే తూటికాడల్లోకి దూరి చుట్టేసుకుంటుంది. మొదటి రెండు మూడు సెకన్లలో తల పైకి లేపి ఆకుల మీదుగా ఈడ్చుకు రాకపోతే ఇక రాదు. దీనికి ఆరున్నర నుంచి ఏడడుగుల లోపు, మీడియం హెవీ లేదా హెవీ (తేలిగ్గా వంగని గట్టి) రాడ్డు, 30 పౌండ్ల లాగుడుకైనా ఆగే బ్రెయిడ్ కావాలి. చేప లాగేది కొస దగ్గర, మనం పట్టుకునేది మొదట్లో. అదే లాగుడుకి ఏడడుగుల రాడ్డు కన్నా తొమ్మిదడుగుల రాడ్డు మీద మణికట్టుకి పావు వంతుకు పైగా ఎక్కువ భారం పడుతుంది. వానాకాలంలో నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు సుడి తిరుగుతూ కనిపిస్తే అక్కడ లూర్ వెయ్యకండి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. వాటిని తీసేస్తే ఆ పిల్లలు మిగలవు.

షాపులో చాలామంది పిడి పొడవు చూడరు, విసరడంలో సగం హాయి దానిదే. రీల్ బిగించే చోట పట్టుకుని పిడిని ముంజేతి వెంట ఆనించి చూడాలి. చివర మోచేతి దాకా వస్తే చాలు. దాటి పొడుచుకొస్తే కప్ప ఆడించేటప్పుడు ప్రతి విదిలింపుకీ చొక్కాకి తగులుతుంది. రెండు చేతులతో విసిరే ఎనిమిదిన్నర అడుగుల రాడ్డుకి మాత్రం పిడి పొడుగ్గానే ఉండాలి, లేకపోతే కింది చేతికి పట్టు దొరకదు.

దూరం తగ్గిందని కొత్త రాడ్డు కొనేముందు రీల్‌లో లైన్ చుట్టుకునే స్పూల్ చూడండి. లైన్ అంచుకి 2–3 మిల్లీమీటర్ల లోపల దాకా నిండి ఉండాలి. లైన్ అంతకన్నా తగ్గితే ప్రతి చుట్టూ అంచుకి రాసుకుంటూ వెళ్తుంది. విసిరేటప్పుడు ఏడడుగుల రాడ్డుకి కొస నుంచి లూర్ 30–45 సెంటీమీటర్లు వేలాడాలి. లీడర్ (లూర్‌కి ముందు లైన్ చివర కట్టే వేరే దారం) ముడి కొస రింగు లోపలికి వచ్చేంత పొడుగ్గా కడితే, విసిరిన ప్రతిసారీ ముడి రింగుకి కొట్టుకుని దూరమూ పోతుంది, ముడీ వదులవుతుంది.

ఒక్కటే కొనుక్కునేవాళ్లకి నేను చెప్పేది ఏడడుగులు, రెండు ముక్కలు, మీడియం హెవీ, 7–28 గ్రాములు. కాలవలో ఇబ్బంది పెట్టదు, రేవులో చిన్నబోదు. విప్పితే ఒక్కో ముక్క మూడున్నర అడుగులు, స్కూటర్ మీదా ఆర్టీసీ బస్సులోనూ సర్దుకుంటుంది. గొట్టంలా లోపలికి మడిచే టెలిస్కోపిక్ రాడ్డు సంచిలో పడుతుంది గానీ, గంటల తరబడి విసిరే పనికి దాని అతుకులు నిలవవు. రెండు ముక్కలదాన్ని బిగించేటప్పుడు రింగులు కాస్త పక్కకి పెట్టి దూర్చి, తిప్పుతూ ఒకే వరుసలోకి తేవాలి. అరగంటకోసారి అతుకు వదులైందేమో చూసుకోవాలి. వదులు అతుకుతో విసిరితే పై ముక్క అతుకు దగ్గరే చీలుతుంది.

గట్టు వెంట కరెంటు తీగలున్న చోట రాడ్డు ఎంత పొట్టిదైనా ఎత్తకూడదు. కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది. ఉరుములప్పుడూ అంతే. తీగల కింద నుంచి నడవాల్సి వస్తే రాడ్డు విప్పేసి, ముక్కలు నేలకి అడ్డంగా, నడుము ఎత్తులో పట్టుకుని దాటాలి.