ఒక్క సంతకంతో చెరిగిపోని అడవి

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లం కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయ పార్కు గురించి ఎంతో మాట్లాడుకుంటాం గాని, ఆ పార్కులో 90 శాతానికి పైగా భూమిని అదనంగా కాపాడుతున్న చట్టాన్ని తలచుకోవడం అరుదు. అది 1964 నాటి విల్డర్‌నెస్ చట్టం, అంటే మనిషి చేయి పడని అడవుల, కొండల చట్టం. ప్రభుత్వ భూముల రక్షణకు ఆ దేశం చేసిన చట్టాలన్నిటిలో ఇదే గొప్పదని నా నమ్మకం. ఏ ప్రాంతాన్ని ఇందులో చేర్చాలన్నా, ఏ ప్రాంతాన్ని తొలగించాలన్నా ఆ అధికారం కాంగ్రెస్‌కే, అంటే అమెరికా చట్టసభకే, ఉండటం అందుకు ముఖ్య కారణం.

అంతకుముందు కూడా రక్షణ లేకపోలేదు. ఆల్డో లియోపోల్డ్ అనే అటవీ అధికారి పట్టుబట్టడంతో 1924లోనే న్యూ మెక్సికోలోని గిలా ప్రాంతాన్ని రోడ్లు వేయకుండా వదిలేశారు. అయితే అది శాఖాపరమైన ఉత్తర్వు మాత్రమే, ఇచ్చిన శాఖే దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల నిర్మాణానికి కలప గిరాకీ పెరిగినప్పుడు ఈ బలహీనత బయటపడింది. ఒరెగాన్‌లోని త్రీ సిస్టర్స్ రక్షిత ప్రాంతం నుంచి 50 వేల ఎకరాలకు పైగా పాత అడవిని 1957లో ప్రభుత్వ నిర్ణయంతోనే తప్పించారు. అందులోని ఫ్రెంచ్ పీట్ లోయను స్థానికులు ఏళ్ల తరబడి పోరాడి కాపాడుకున్నారు. 1978లో కాంగ్రెస్ దాన్ని చట్టం నీడలోకి తెచ్చింది.

చట్టం ముసాయిదా రాసిన హోవర్డ్ జానైజర్ అడవుల రక్షణకు పనిచేసే విల్డర్‌నెస్ సొసైటీ అనే సంస్థ నాయకుడు. 1950లలో డైనోసార్ జాతీయ స్మారక ప్రాంతంలోని ఎకో పార్క్ వద్ద ఆనకట్ట కట్టాలన్న ప్రతిపాదనను ఎదిరించి గెలిచినవారిలో ఆయన ఒకరు. ప్రతిసారీ ఒక్కో చోటు కోసం పోరాడుతూ పోతే ఏదో ఒకనాడు ఓడిపోక తప్పదని గ్రహించి, అన్నిటికీ వర్తించే చట్టం కోసం పూనుకున్నారు. 1956లో సెనేట్‌లో హ్యూబర్ట్ హంఫ్రీ, ప్రతినిధుల సభలో జాన్ సేలర్ తొలి బిల్లు ప్రవేశపెట్టారు. ఒకరు డెమొక్రాట్, మరొకరు రిపబ్లికన్. ఎనిమిదేళ్లలో 18 విచారణలు జరిగాయి, ముసాయిదా 66 సార్లు మారింది. 1964 మే నెలలో జానైజర్ గుండె జబ్బుతో కన్నుమూశారు. సెప్టెంబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసేటప్పుడు జానైజర్ భార్య ఆలిస్ అక్కడ ఉన్నారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది.

ఆ రోజు చట్టం కిందికి వచ్చిన భూమి 91 లక్షల ఎకరాలు. ఇప్పుడది 11 కోట్ల ఎకరాలు దాటింది, అందులో సగానికి పైగా అలాస్కాలోనే ఉంది. ఈ ప్రాంతాల్లో రోడ్లు వేయకూడదు, మోటారు వాహనాలు నడపకూడదు, సైకిలు కూడా తొక్కకూడదు. ఈ కట్టడి అటవీ సిబ్బందికీ వర్తించడం నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. కాలిబాటకు అడ్డంగా పడిన మహావృక్షాన్ని తొలగించడానికి మోటారు రంపం వాడరు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగే పొడవాటి రంపంతో కోస్తారు, సామాను గుర్రాల మీదా కంచరగాడిదల మీదా చేరవేస్తారు. ప్రాణాపాయం వంటి అత్యవసరాలకు మాత్రం మినహాయింపు ఉంది.

రాజీలూ జరిగాయి. కొలరాడో ప్రతినిధి వేన్ ఆస్పినాల్ పట్టు వల్ల 1983 చివరి వరకూ కొత్త గనుల హక్కులకు అవకాశం మిగిలింది, పశువుల మేతను కొనసాగనిచ్చారు. వాటికన్నా లోతైన లోపం మరొకటుంది. మనిషి వచ్చి పోయేవాడే తప్ప నివసించని చోటుగా ఈ భూమిని చట్టం నిర్వచించింది. వేల ఏళ్లుగా అక్కడ బతికిన మూలవాసుల ఊసు అందులో లేదు. యోసెమిటీ లోయ నుంచి అక్కడి మూలవాసులైన అవానీచీ ప్రజలను 1851లో సైనిక బలంతో తరిమేశారు. నల్లమల చెంచుల కష్టాలు తెలిసిన మనకు ఈ అన్యాయం వేరే చెప్పనక్కర్లేదు. అలాస్కా భూములపై 1980లో చేసిన చట్టం గ్రామీణులు ఆహారం కోసం వేటాడే, చేపలు పట్టే హక్కును గుర్తించి ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది.

సియాటిల్ పరిసరాల్లోని మనవాళ్లు వారాంతాల్లో వెళ్లే ఆల్పైన్ లేక్స్ అనే కొండల, సరస్సుల ప్రాంతం కూడా 1976 నుంచి ఈ చట్టం కిందే ఉంది. అక్కడ ఒక బృందంలో 12 మందికి మించకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు. నాలుగు కుటుంబాలు కలిసి బయల్దేరే ముందే ఈ లెక్క చూసుకుని, అవసరమైతే వేర్వేరు బాటలు ఎంచుకోవాలని నా మనవి.