అమ్మ కంటిలో బుడగతో షిర్డీకి

కంటి వెనక ఉండే చూపు పొర, అదే రెటీనా, ఊడిపోయిందని అమ్మకు ఆపరేషన్ చేసిన రోజే మొక్కుకుంది, చూపు నిలిస్తే ముందు బాబా ముఖం చూస్తానని. చూపు తిరిగి వస్తోందని తెలియగానే తమ్ముడు విమానం టిక్కెట్లు కొనేశాడు. శంషాబాద్‌లో ఎక్కితే గంటన్నర లోపే దిగుతాం. కాకడి విమానాశ్రయం నుంచి షిర్డీకి 15 కిలోమీటర్లు కూడా ఉండదు.

డాక్టరు ససేమిరా అన్నారు. రెటీనా అతుక్కోవడానికి కంటిలో నింపిన గ్యాసు ఇంకా పూర్తిగా కరగలేదట. విమానం పైకి వెళ్ళి గాలి ఒత్తిడి తగ్గితే ఆ బుడగ ఉబ్బుతుంది, కంటి ఒత్తిడి పెరిగి వచ్చిన చూపు కాస్తా పోవచ్చు. బుడగ కరిగాక వెళ్దామంటే అమ్మ వింటేనా! "బాబాకు బాకీ పడి ఇంట్లో కూర్చోమంటావా?" అంది. ఎత్తైన కొండ దారులు లేకపోతే కారులో వెళ్ళవచ్చని చివరికి డాక్టరే అన్నారు. హైదరాబాద్, షిర్డీ రెండూ దక్కన్ పీఠభూమి మీదివే, ఎత్తు అటూ ఇటూగా 500 మీటర్లు. అలా గంటన్నర ప్రయాణం కాస్తా 600 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణమైంది.

తెల్లవారకముందే బయలుదేరాం. జహీరాబాద్, హుమ్నాబాద్ దాటి సోలాపూర్ వరకు బాగానే సాగింది. తర్వాత చెరకు ట్రాక్టర్ల వెనకాల నత్తనడక. అమ్మకు చూపులో అడుగున ఒక గీత కనిపిస్తుందట, గ్లాసులో నీటి మట్టంలా. గీతకు పైన స్పష్టంగా, కింద మసకగా. స్పీడు బ్రేకరు వచ్చిన ప్రతిసారీ "గీత ఊగుతోందే!" అని నవ్వేది. నాకు మాత్రం గుండె జారిపోయేది. నిన్నమొన్నటి అహ్మద్‌నగర్, ఇప్పటి అహిల్యానగర్ చేరేసరికే పొద్దుగూకింది.

మర్నాడు దర్శనం. గురువారం కాకపోయినా ఇసుక వేస్తే రాలని జనం. వృద్ధుల వరుసలోనూ తోపులాటే! బాబా దగ్గరికి వచ్చి కూడా ఒకరి మీద ఒకరు పడే ఈ ఆత్రం ఏమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు. కంటికి దెబ్బ తగులుతుందేమోనని అమ్మ చుట్టూ చేతులు అడ్డం పెట్టాను, కానీ రెండు చేతులు ఏ మూలకు? అప్పుడు వెనక నుంచి తొమ్మిది గజాల చీర కట్టుకున్న ఒక మరాఠీ ఆవిడ వచ్చి, అటూ ఇటూ కమ్మీలు పట్టుకుని అమ్మకు కంచెలా నిలబడింది. "ఆజీ, సావకాశ్" అని అమ్మతో మెల్లగా, నెట్టినవాళ్ళతో గట్టిగా. ఆ తిట్లు ఒక్కటీ అర్థం కాలేదు గానీ ఎంత హాయిగా వినిపించాయో! సమాధి ముందుకు వచ్చినప్పుడు కూడా ఆమె ముఖం జనం వైపే ఉంది. తన దర్శనం ఎప్పుడు చేసుకుందో, అసలు చేసుకుందో లేదో.

"చలా, చలా" అంటున్నారు. అమ్మ కదలలేదు. నల్లద్దాలు తీసి, తల కొంచెం ఎత్తి, ఆపరేషన్ కాని కంటిని అరచేత్తో మూసి, ఆపరేషన్ అయిన కంటితోనే చూసింది. చలువరాతి బాబా, కిరీటం, పూలదండలు. రెండు మూడు క్షణాలు, అంతే. బయటికి తోసేశారు.

ద్వారకామాయిలో ఊదీ పెట్టుకున్నాక అడిగాను, కనిపించాడా అని.

"ముఖం ఎంత చక్కగా ఉందో! పాదాలే, గీత కిందకు వెళ్ళిపోయాయి. బుడగ కరిగాక మళ్ళీ వద్దాం," అంది.

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. వాడు అప్పుడే టిక్కెట్లు వెతుకుతున్నాడు.